పన్నెండో రోజు ఆకలి

అనగనగా, ఏడు సముద్రాలకు అవతల, మన ఇళ్లలో దీపం పెట్టే వేళకు అక్కడ తెల్లవారే ఒక అడవి. ఆ అడవిలో కోవాటులు ఉండేవి.

కోవాటిని మీరు చూసి ఉండరు. పిల్లికన్నా పొడుగు, కుక్కకన్నా పొట్టి. ఒళ్లు ఎండుటాకు రంగు. మూతి పందిపిల్ల మూతిలా ముందుకు సాగి, చివర అటూ ఇటూ తిరుగుతుంది. ఇక తోక సంగతి చెప్పాలి. ఒళ్లెంత పొడవో తోకా అంత పొడవు. దాని మీద కడియాలు తొడిగినట్టు నల్లని చారలు. గుంపుగా నడిచేటప్పుడు కోవాటులు తోకల్ని జెండాకర్రల్లా నిటారుగా నిలబెడతాయి. గడ్డి ఎంత ఎత్తు పెరిగినా, ముందున్న తోక వెనకున్న దానికి కనిపిస్తుంది. తోక కనిపించినంత మేరా గుంపు. తోక కనిపించని చోటంతా అడవి.

ఆ గుంపుకి పెద్ద దీర్ఘనాస. ఆమెకు పదేళ్లు. కోవాటికి పదేళ్లంటే మన లెక్కన ఎనభై దాటినట్టే. అందరూ అవ్వా అని పిలిచేవాళ్లు. జానెడు లోతు మట్టిలో దాక్కున్న పురుగుని అవ్వ ముక్కు పైనుంచే పసిగట్టేది. అవ్వ ముక్కుకి అందనిది ఈ అడవిలో లేదని గుంపంతా నమ్మేది. అవ్వ కూడా నమ్మేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

అదే గుంపులో చారిక అనే రెండేళ్ల పిల్ల ఉండేది. దాని ముక్కు మామూలుదే గానీ లెక్క మాత్రం గట్టిది. సాయంత్రం అందరూ చెట్టెక్కేటప్పుడు కింద నిలబడి తోకలు లెక్కపెట్టడం దాని పని. "పెద్దవి ఇన్ని, పిన్నవి ఇన్ని, వెరసి ఇన్ని!" అని చారిక అరిచాకే అవ్వ కళ్లు మూసేది.

ఆ గుంపులో ఒక కట్టుబాటు ఉంది. మగపిల్లవాడికి రెండేళ్లు నిండితే గుంపులో చోటు లేదు. ఆడవాళ్లంతా కలిసి తరిమేస్తారు. ఎప్పుడో ఒక కరువు ఏట ఆకలికి తాళలేక ఒంటరి మగవాడొకడు ఒక పసిపిల్లను తిన్నాడు. అది కల్ల కాదు, జరిగిందే. అప్పటినుంచి "మగవాడి నీడ, పిల్లకు పీడ" అని తల్లులు జోలపాటలో కూడా పాడుకునేవాళ్లు. తరిమేసిన వాణ్ణి మళ్లీ ముట్టుకోకూడదు. ముట్టుకున్న ఆడదాన్నీ తరిమేస్తారు. ఇంకొక మాట. మొదటి కాటు కన్నతల్లే వెయ్యాలి.

ఆ ఏడు వంతు కంకణుడికి వచ్చింది. కంకణుడు చారికకు అన్న. ఇద్దరూ ఒకే గూట్లో, ఒకే పూట పుట్టారు. వాడు కాస్త ముందు, అంతే. వాళ్ల తల్లి కపిల. కపిల మొదటి కాటు వేసింది.

"ఎక్కడికి పోనే అమ్మా?" అన్నాడు కంకణుడు.

"తోక కనిపించనంత దూరం," అంది కపిల. అని మొహం తిప్పుకుంది.

నిన్నటిదాకా ముప్పై ఒకటి ఉన్న లెక్క ఆ సాయంత్రం ముప్పైకి దిగింది. పెద్దవి తొమ్మిది, పిల్లలు ఇరవై ఒకటి. చారిక అరిచి చెప్పి, తన కొమ్మ మీద గోటితో ఒక గీత గీసింది. మర్నాడు ఇంకొకటి. అన్న పోయిన నాటినుంచి రోజుకో గీత.

ఎండాకాలం వచ్చింది. ఆకులు రాలాయి. వాగు చిక్కిపోయి మడుగులు మడుగులుగా మిగిలింది. వాగు పక్కన ఒక జిగురుచెట్టు ఉండేది. దాని బెరడు చీలిస్తే కర్పూరం వాసన వేసే జిగురు కారేది. కోవాటులకు ఆ జిగురంటే ప్రాణం. ఒంటికి పట్టిస్తే పిడుదులు రాలిపోతాయి, దురద తగ్గుతుంది. అందుకని రోజూ మిట్టమధ్యాహ్నం గుంపంతా అక్కడికి చేరేది. ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటే చెట్టు చుట్టూ వాసన ఘుమఘుమలాడేది.

ఆ చెట్టు మొదట్లో పెద్ద తొర్ర. లోపల చీకటి, చల్లదనం. "మా అమ్మమ్మ కాలంనాటి తొర్ర ఇది," అనేది అవ్వ గర్వంగా. అక్కడ నడుం వాల్చడానికీ ఒక పద్ధతి ఉంది. పిల్లలందరినీ తొర్రలో పడుకోబెడతారు; ఆ చల్లదనానికి అవి ఒళ్లెరగకుండా నిద్రపోతాయి. ఎనిమిదిమంది పెద్దవాళ్లు తొర్రకు వీపులు పెట్టి, ముఖాలు అడవి వైపు తిప్పి, నెలవంకలా వరస కడతారు. తొమ్మిదోది చారిక. దానికి పిల్లలు లేరు కాబట్టి వాగు దగ్గరికి పోయి, మొసళ్లు ఎన్ని ఉన్నాయో, ఏ మడుగులో ఉన్నాయో చూసి రావడం దాని వంతు.

"వెనక్కి చూడొద్దు," అనేది అవ్వ తల్లులతో. "అపాయమన్నది ఎదురుగానే వస్తుంది. వెనక ఉన్నవి మన పిల్లలే."

ఇరవయ్యో గీత గీయాల్సిన రోజది. ఎండ వాలాక పిల్లల్ని బయటికి పిలిచి చారిక లెక్కపెట్టింది. ఇరవై. మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ ఇరవయ్యే.

"సరిగ్గా చూడవే," అంది అవ్వ. "ఎక్కడో ఆకుల్లో దొర్లుతుంటుంది."

"ఆకుల్లో దొర్లేవాళ్లనీ కలిపే చెప్పానవ్వా."

పిల్ల పోయిన తల్లి తొర్రలో మూతి పెట్టి పిలిచింది. లోపలినుంచి కర్పూరం వాసన తప్ప ఏదీ రాలేదు. అంతలో ఎవరో అరిచారు. అల్లంత దూరాన మేడిచెట్టు కింద చారల తోక ఒకటి ఒంటరిగా నిలబడి ఉంది.

కంకణుడు రాలిన పళ్లు ఏరుకుంటున్నాడు. తల్లులు వాడి మీద పడ్డారు.

"మేడిపళ్లు తింటున్నాను పిన్నీ! కావాలంటే నోరు చూడండి, అన్నీ గింజలే!" అని వాడు నోరు తెరిచాడు.

ఎవరూ నోరు చూడలేదు. చెవి చీల్చి వదిలారు.

"మేమంతా ఎదురుగా కూర్చుంటే ఎలా వచ్చాడవ్వా?" అని ఒక పిన్ని అడిగింది.

"తొర్రకు పైన కూడా కన్నం ఉంది. కొమ్మల మీదుగా వచ్చి పైనుంచి దిగాడు," అని అవ్వ తేల్చేసింది. అవ్వ తేల్చాక ఇక అడిగేవాళ్లెవరు?

ముప్పై రెండో రోజు. మధ్యాహ్నం వాగు దగ్గరికి పోయిన చారికకు అవతలి గట్టున ఒక రాతి నీడలో అన్న కనిపించాడు. చీలిన చెవి ఎండి ముడుచుకుపోయింది. మెడ వెనక పిడుదులు గుత్తులు గుత్తులుగా పట్టేశాయి.

"ఏంట్రా అన్నా, ఇలా అయిపోయావు?"

"నాకు ముక్కు పొడుగే గానీ మెడ వెనక్కి తిరగదు కదే," అన్నాడు కంకణుడు నవ్వుతూ. "గుంపులో ఉన్నప్పుడు తెలియలేదు. ఒంటరివాడికి మొదట చచ్చేది మెడ."

చారిక వెనక్కి చూసింది. ఎవరూ లేరు. కట్టుబాటు గుర్తొచ్చింది. అయినా వాగు దాటి వాడి పక్కన కూర్చుంది. పళ్లతో ఒక్కొక్క పిడుదునే పీకి ఉమ్మింది.

"నలభై మూడు," అంది చివరికి.

"పీకినవి కూడా లెక్కపెట్టావా?"

"పెట్టకపోతే రేపు కొత్తవి ఎన్ని పట్టాయో ఎలా తెలుస్తుంది?"

కంకణుడు పొట్ట పట్టుకు నవ్వాడు. "నీతో పందెం వేసి బాగుపడ్డవాడు లేడే. కిందటి వానల్లో ఆ కొండచిలువ గుర్తుందా? పందికూనను మింగి గట్టు మీద పడుకుంది. మనం పుల్లతో పొడిచినా కదల్లేదు. నాలుగు రోజులకు కదులుతుందని నేను, పన్నెండని నువ్వు."

"పన్నెండో రోజు పొద్దున్నే ఆకలేసి పోయింది. పందెం ఓడి నీ తేలు నాకిచ్చావు."

"కొండి కొరికేసి మరీ ఇచ్చాను," అన్నాడు వాడు. ఇద్దరూ ఎండ వాలేదాకా అక్కడే ఉన్నారు.

చారిక తిరిగి వచ్చి పిల్లల్ని లెక్కపెట్టింది. పందొమ్మిది.

ఈసారి తల్లులు వెతకలేదు. అవతలి గట్టున చారల తోక కనిపించగానే నేరుగా వాగు దాటారు. కంకణుడు ఇంకా ఆ రాతి దగ్గరే ఉన్నాడు. మధ్యాహ్నమంతా వాడు ఎక్కడ ఉన్నదీ చారికకు తెలుసు. తన ముందరికాళ్ల కిందే ఉన్నాడు. "నా దగ్గరే ఉన్నాడు" అన్న ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే తనకూ గుంపు ఉండదు. ఒంటరి బతుకెలా ఉంటుందో అప్పుడే కళ్లారా చూసి వచ్చింది. మెడ వెనక నలభై మూడు.

చారిక నోరు మూసుకుంది.

వాడు చెల్లెలి వైపు ఒక్కసారి చూశాడు. వాడూ ఆ మాట చెప్పలేదు. వాళ్లు వాడి వెనకకాలు విరిచి వదిలారు.

ఆ తర్వాత కంకణుడు ఆ రాయి వదిలి కదల్లేదు. చెట్టెక్కలేడు, పరుగెత్తలేడు. చారిక మధ్యాహ్నం వాగుకు వచ్చినప్పుడల్లా నాలుగు పురుగులు, రెండు పళ్లు వాడి ముందు జారవిడిచి పోయేది. మాట్లాడటానికి మొహం చెల్లేది కాదు. "ఇవాళ ఎన్ని గీతలే?" అని వాడే అడిగేవాడు.

నలభై నాలుగో రోజు పిల్లలు పద్దెనిమిది అయ్యారు. ఈసారి పోయింది కపిల పిల్ల. ఆ ఏటి నలుగురిలో చివరిది, తోక కొసన తెల్లమచ్చ ఉన్నది. కపిల ఏడవలేదు. వాగు వైపు నడవడం మొదలుపెట్టింది. ఆమె వెనకే అందరి తోకలూ లేచాయి.

చారిక పరుగెత్తి అడ్డం నిలబడింది.

"అవ్వా, ఆగండి! లెక్క చూడండి. ఇరవయ్యో రోజు ఒకటి, ముప్పై రెండో రోజు ఒకటి, నలభై నాలుగో రోజు ఒకటి. నడుమ పన్నెండు, మళ్లీ పన్నెండు. రోజూ ఆకలేసేవాడు పన్నెండు రోజులకోసారి ఎందుకొస్తాడు?"

"లేచిందమ్మా లెక్కలమ్మ!" అంది ఒక పిన్ని. "గీతలు గీకితే పోయిన పిల్ల తిరిగొస్తుందటే?"

"ముందు ఒకర్ని కని, ఆ తర్వాత లెక్క చెప్పవే," అంది ఇంకొకామె.

"వాడి కాలు విరిగింది పిన్నీ. చెట్టెక్కలేడు. ఉన్నచోటు నుంచి కదల్లేడు."

అవ్వ దగ్గరికి వచ్చింది. తన పొడుగాటి మూతి చారిక మూతికి ఆనించింది.

"కదల్లేడని నీకెలా తెలుసు? చూశావా?"

చారిక చూపు వాగు వైపు పోయింది.

"అడిగేది నిన్నే. చూశానంటే వాడి దగ్గరికి పోయినట్టే. పోయావా?"

ఎనిమిది జతల కళ్లు దాని మీదే ఉన్నాయి. చారిక నోరు తెరిచింది. మెడ వెనక ఏదో పాకినట్టయింది.

"లేదవ్వా," అంది.

"మరి అడ్డం లే. ఇవాళ మొసళ్లెన్ని?"

రోజూ అడిగే ప్రశ్నే. రోజూ చెప్పే జవాబే నోటికొచ్చేసింది. "ఒకటవ్వా. కింది మడుగులో."

ఎందుకు అడిగిందో చారికకు ఆ తర్వాత అర్థమైంది.

కంకణుణ్ణి ఈడ్చుకొచ్చి కింది మడుగు గట్టున నిలబెట్టారు. వాడు పెనుగులాడలేదు. మొదటి కాటు తల్లిదే కాబట్టి కపిల ముందుకు వచ్చింది.

"అమ్మా, ఒక్కసారి నా మూతి వాసన చూడు," అన్నాడు. "నీ ముక్కు నీకు చెబుతుంది."

కపిల వంగింది. నిజంగానే వాసన చూసింది. మధ్యాహ్నమంతా పట్టించుకున్న జిగురు ఆమె మూతి నిండా ఉంది. ఆమెకు కర్పూరం వాసన ఒక్కటే వచ్చింది. పాలవాసన లేదు, నెత్తురు వాసన లేదు, కొడుకు వాసన కూడా లేదు.

కపిల తోసింది.

నీళ్లలో ఒక్కసారి చారల తోక నిటారుగా లేచింది, గుంపును పిలిచినట్టు. ఆ తర్వాత నీళ్లు కలిసిపోయాయి.

ఆ సాయంత్రం చారిక చెట్టు కింద నిలబడి, "పెద్దవి తొమ్మిది, పిల్లలు పద్దెనిమిది, వెరసి ఇరవై ఏడు," అంది. "గట్టిగా చెప్పవే!" అని పైనుంచి ఎవరో కసిరారు.

మర్నాటినుంచి చారిక జిగురు ముట్టుకోవడం మానేసింది. ఆ వాసన వస్తే వాడి మాట వినిపించేది. ఒళ్లంతా పిడుదులు పట్టినా దులుపుకుంటూ తిరిగింది. నాలుగు రోజులు, ఏడు రోజులు, పది రోజులు. దాని మూతిలో ఇంకిన కర్పూరం కొంచెం కొంచెంగా దిగిపోయింది. మడుగు ఒడ్డున తడిమట్టి వాసన, ఎండిన చీమల పుట్ట వాసన, ఒక్కొక్కటీ తిరిగి వచ్చాయి.

యాభై ఐదో రోజు సాయంకాలం గుంపు చెట్టెక్కే వేళకు, జిగురుచెట్టు వైపునుంచి చిన్న గాలి వీచింది. ఆ గాలిలో కర్పూరం అడుగున ఇంకో వాసన ఉంది. బురద వాసన, పాత తోలు వాసన. ఎక్కడో తెలిసిన వాసనే. కిందటి వానల్లో తామిద్దరూ పుల్లతో పొడిచి పొడిచి నవ్విన వాసన.

చారిక లెక్క కట్టింది. ఎనిమిదిమంది ముఖాలు దాటి లోపలికి ఏదీ రాలేదు. కాబట్టి తిన్నది బయటినుంచి వచ్చింది కాదు. పన్నెండు రోజులకోసారి ఆకలేసేది ఒక్కటే ఉంది ఈ అడవిలో. ఆ సంగతి అన్న తనకు గుర్తుచేశాడు. నవ్వుతూ, తన ఒళ్లో తల పెట్టుకుని చెప్పాడు. ఆ సాయంత్రానికి రెండు పోయాయి. అప్పుడే నోరు తెరిచి ఉంటే లెక్క అక్కడే ఆగేది.

కొమ్మ మీద యాభై ఐదో గీత గీసింది. రేపు యాభై ఆరు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం తల్లులు పిల్లల్ని తొర్ర దగ్గరికి తోలుకొచ్చారు. చారిక వాగుకు పోలేదు. తొర్ర ముందు అడ్డంగా కూర్చుంది.

"అవ్వా, నేను అబద్ధమాడాను. కంకణుణ్ణి ముట్టుకున్నాను. రెండో పిల్ల పోయిన రోజు వాడు నా దగ్గరే ఉన్నాడు. మూడో పిల్ల పోయిన రోజు వాడు రాతి కింద పడి ఉండటం నేను చూశాను. వాడు ఎవర్నీ తినలేదు."

కపిల నోటినుంచి ఏదో శబ్దం వచ్చింది, మాట కాదు.

"కట్టుబాటు తెలుసుగా?" అంది అవ్వ.

"తెలుసు. పొద్దువాలగానే పోతాను. తిన్నది ఈ తొర్రలోనే ఉంది. ఇవాళ పన్నెండో రోజు. ఈ ఒక్కపూట పిల్లల్ని లోపల పెట్టకండి."

"తొర్రలోనా!" అవ్వ మూతి ఎగరేసింది. "నా ముక్కుకి తెలియకుండా? మా అమ్మమ్మ ముక్కుకి తెలియకుండా?"

"మన ముక్కుల్లో జిగురు ఉందవ్వా. ఇంకేదీ లేదు."

ఒకామె కిసుక్కున నవ్వింది. అవ్వ నవ్వలేదు.

"అయితే పిల్లల బదులు నువ్వే పో లోపలికి," అంది. "నీ లెక్క నిజమైతే అది నిన్ను తింటుంది. అబద్ధమైతే పొద్దువాలేసరికి నువ్వే పోతావు. ఎలా చూసినా గుంపుకి ఒక్కటే తగ్గుతుంది. చూశావా, లెక్కలు నాకూ వచ్చు."

చారిక లేచింది. "సరే. ఒక్కటే అడుగుతాను. వీపులు కాదు, ముఖాలు ఇటు పెట్టుకుని కూర్చోండి."

ఏడుగురు ఎప్పటిలాగే అడవి వైపు తిరిగి, పిల్లల్ని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు. కపిల మాత్రం నిలబడే ఉంది. చాలాసేపటికి ఆమె తొర్ర వైపు తిరిగి కూర్చుంది.

లోపల చల్లగా ఉంది. చారిక చీకటిని చూస్తూ పడుకుంది. దాని గుండె చప్పుడు దానికే వినిపిస్తోంది. ఊరికే ఉండలేక కొట్టుకున్నన్నిసార్లూ లెక్కపెట్టింది. మూడు వందలు దాటాక, తొర్ర వెనక పగులులోని చీకటి కొంచెం ముందుకు జరిగింది.

చారిక కేక వేసేలోగా అది పట్టుకుంది. తోక మొదలు పట్టి, ఒకటి, రెండు, మూడు చుట్లు చుట్టింది. ఊపిరి అందలేదు. కేక గొంతులోనే ఆగిపోయింది. వీపులు పెట్టుకున్న ఏడుగురికి ఏమీ వినిపించలేదు. మొదటి పిల్ల కేక వినిపించనట్టే. రెండోదాని కేక, మూడోదాని కేక వినిపించనట్టే.

కపిల చూసింది.

ఆమె అరుపుకి ఏడు తలలూ తిరిగాయి. అమ్మమ్మల కాలంనుంచి ఆ వరసలో ఎవరూ వెనక్కి తిరగలేదు. ఆ రోజు తిరిగారు. కపిల అప్పటికే లోపల ఉంది. ఎనిమిదిమందీ కలిసి పళ్లతో, గోళ్లతో లాగారు. మనిషి తొడంత లావు కొండచిలువ మూరకు మూర వెలుగులోకి వచ్చింది. పద్నాలుగు మూరలు ఉంది. చుట్లు వదిలేసరికి చారిక కింద పడింది. దాని తోక మూడు చోట్ల విరిగింది.

కొండచిలువ ఎండకు కళ్లు మూసుకుని నెమ్మదిగా అంది.

"నన్ను దొంగ అంటారెందుకు? నేను ఎవరి గూటికీ పోలేదు. రోజూ మీరే తెచ్చి నా గుమ్మంలో పడుకోబెట్టారు. మళ్లీ నాకు వీపులు పెట్టి, ఎవరూ రాకుండా కాపలా కూడా కాశారు."

దాని తల నలిగేదాకా కొరికారు. మూడో రోజుకు చీమలు దాన్ని ఎముకలు చేశాయి.

ఆ మధ్యాహ్నమే, అందరికన్నా చివర కపిల మళ్లీ తొర్రలోకి పోయింది. వెనక పగులులో కొండచిలువ రెట్ట ఎండి గట్టిపడి ఉంది. అందులో మూడు వెంట్రుకల ముద్దలు, బియ్యపు గింజలంత గోళ్లు. మూడో ముద్దలో కొన్ని తెల్లవెంట్రుకలు. కపిల వాటిని బయటికి తెచ్చి అవ్వ ముందు పెట్టింది.

అవ్వ వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తన మూతిని ఇసుకలో పెట్టి రుద్దింది. తోలు ఊడి నెత్తురొచ్చేదాకా రుద్దుతూనే ఉంది. ఎవరూ ఆపలేదు.

పొద్దువాలింది. గుంపు చెట్టు దగ్గరికి చేరింది. చారిక విరిగిన తోక ఈడ్చుకుంటూ అడవి వైపు నాలుగడుగులు వేసింది.

"ఎక్కడికే?" అంది అవ్వ.

"చెప్పానుగా అవ్వా. పొద్దువాలింది."

"మరి లెక్క ఎవరు చెబుతారు?"

చారిక ఆగింది. వెనక్కి తిరిగి చెట్టు కింద నిలబడి లెక్కపెట్టింది. ఎత్తిన తోకలు ఇరవై ఆరు. ఎత్తలేని తోక ఒకటి.

"పెద్దవి తొమ్మిది, పిల్లలు పద్దెనిమిది, వెరసి ఇరవై ఏడు," అంది.

"పోయినవి?" అని కపిల అడిగింది.

"మూడు."

"అవి పాము తీసుకున్నవి. మనం తీసుకున్నదో?"

చారిక ఈసారి నోరు మూసుకోలేదు. "ఒకటి," అంది, అందరికీ వినిపించేలా.

ఆ గుంపు మళ్లీ ఆ జిగురుచెట్టు దగ్గరికి పోలేదు. రెండేళ్లు నిండిన మగపిల్లల్ని పంపడం మాత్రం మానలేదు, అది వాళ్ల అడవి తీరు. కానీ పోయేవాడి మెడ ఆ రోజు తల్లే శుభ్రం చేసి పంపేది. మధ్యాహ్నం వరసలో నలుగురు బయటికి, నలుగురు లోపలికి చూస్తూ కూర్చునేవాళ్లు. ఎవరి మీదనైనా నేరం మోపాలంటే ముందు గీతలు చూసేవాళ్లు. చారిక తోక మరెన్నడూ నిటారుగా లేవలేదు. గడ్డిలో దాన్ని చూసి ఎవరూ నడవలేకపోయారు గానీ, దాని గొంతు విని నడిచారు. బతికినన్నాళ్లూ చారిక ప్రతి సాయంత్రం ఉన్నవాళ్లను లెక్కపెట్టి, చివర "మనం తీసుకున్నది ఒకటి" అని చెప్పాకే కళ్లు మూసింది.

అందుకే పెద్దలు అంటారు: నిజం తెలిసి మూసుకున్న నోరు, కరిచిన నోటితో సమానం.